ముందు నీళ్లు, తర్వాతే మాట

మా ఇంట్లో పిల్లలకు మర్యాద వీపు మీద రాసేవారు. పలకా బలపమూ బడికి పరిమితం. మర్యాదకు మాత్రం మా వీపే పలక, మా నాయనమ్మ చెయ్యే బలపం. ఆ చెయ్యి సామాన్యమైనది కాదు. అరవై ఏళ్లు ఉన్ని వడికి, జొన్నలు విసిరి, నాపరాయిలా గట్టిపడిన చెయ్యి. అది గాలిలోకి లేచిందంటే తాండూరు స్టేషన్లో బయలుదేరబోతున్న రైలు కూడా ఒక్క నిమిషం ఆగి, ఎవరి మీద పడుతుందో చూసుకుని కదిలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మా ఊరు తాండూరుకూ యాలాల్‌కూ నడుమ. నేను పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది పుట్టాను. చుట్టుపక్కల తుపాకుల చప్పుడు ఆగింది కానీ మా ఇంట్లో చప్పుళ్లు నాతోనే మొదలయ్యాయని మా నాయన అనేవాడు. ఆ చప్పుళ్లన్నీ నా ఒంటి మీదివే అన్న సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

పెద్దవాళ్లు నిలబడి ఉండగా మంచం మీద కూర్చుంటే ఒక దెబ్బ. కూర్చున్నవాళ్ల కాళ్లు దాటితే రెండు. దాటిన పాపం పోవాలంటే మళ్లీ వెనక్కి దాటాలి, అలా దాటుతున్నప్పుడు చేతికి అందుతాం కాబట్టి ఇంకొకటి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరినందుకు చెవి మెలి. మా నాయనమ్మ మెలేసిన నా కుడిచెవి ఎడమచెవి కంటే బెత్తెడు పొడుగు. అన్నిటికన్నా పెద్ద నేరం, బయటికి పోతున్న మనిషిని "యాడికి?" అని అడగడం. అలా అడిగితే పోయే పని చెడుతుంది. ఒకసారి నాయన గొర్రెలు తోలుకుని పోతుంటే నోరు జారి అడిగాను. ఆయన నాలుగు వందల గొర్రెలను అక్కడే ఆపాడు (నలభై అని మా అమ్మ అంటుంది, ఆమెకు లెక్కలు రావు). వెనక్కి వచ్చాడు, చెప్పులు విడిచాడు, గడపలో కూర్చున్నాడు, కాసిన్ని నీళ్లు తాగాడు, నన్ను పిలిచి రెండు తగిలించాడు, చెప్పులు తొడుక్కుని మళ్లీ కొత్తగా బయలుదేరాడు.

ఇన్ని చట్టాలున్న ఇంట్లో దేవుడు నన్ను ఎడమచేతి వాటంతో పుట్టించాడు.

ఎడమచెయ్యి దేనికోసమో మా వైపు ఎవరినడిగినా చెబుతారు. పొద్దున చెంబు పట్టుకుని చెలక గట్టుకు పోయినప్పుడు దానికి పని. మిగతా రోజంతా అది ఒంటికి వేలాడుతూ ఉండాలి. దాంతో ఎవరికైనా ఏదైనా ఇచ్చామంటే మొహాన ఉమ్మినట్టే. నాకేమో ఏది కావాలన్నా ముందు ఎడమచెయ్యే లేచేది. మా నాయనమ్మ ఆ చేతికి కారం పూసింది. వేపాకు నూరి కట్టింది. ఆరేళ్లప్పుడు పక్కింటి ముసలాయనకు ఎడమచేత్తో తమలపాకులు అందించానని గరిటె కాల్చి మణికట్టు పైన వాత పెట్టింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నాతోపాటు పెరిగి, మధ్యలో వాగు పారే ఒక చిన్న తాలూకా పటంలా తయారైంది. అయినా ఆ చెయ్యికి బుద్ధి రాలేదు.

ఇక చట్టాలన్నిటికీ పైచట్టం నీళ్లది. ఇంటికి మనిషి వస్తే ముందు గొంగడి పరవాలి. కాళ్లకు నీళ్లివ్వాలి, తాగడానికి నీళ్లివ్వాలి. తాగిన తర్వాత "అందరూ మంచిగున్నరా" అని అడగాలి. ఎందుకొచ్చాడన్నది మాత్రం వచ్చినాయన కడుపు చల్లబడి, తనంతట తాను నోరు విప్పేదాకా అడగకూడదు. ప్రాణాల మీదికొచ్చిన కబురైనా సరే, ముందు నీళ్లు, తర్వాతే మాట. ఆ తాగే నీళ్లు ఇంట్లో పెళ్లికాని ఆడపిల్ల చేత్తో అందాలి. మా ఇంట్లో ఆ హోదాలో ఉన్నది నేనొక్కదాన్నే.

మా మేనత్త కాపురం ఈ నీళ్లలోనే మునిగింది.

అత్తను పూడూరు దగ్గరి ఊరికి ఇచ్చారు. వాళ్లూ మందలున్న వాళ్లే. ఒక ఎండాకాలం మా నాయన చెల్లెలిని చూసి వద్దామని వికారాబాదులో రైలు దిగి, అక్కడినుంచి నడిచి, వాళ్ల వాకిట్లో నిలబడ్డాడు. ఆ నడక మొదట్లో రెండు గంటలు ఉండేది. చెప్పిన ప్రతిసారీ పెరిగి పెరిగి చివరికి రెండు పగళ్లు, మధ్యలో ఒక చిరుతపులి దాకా వచ్చింది. వాకిట్లో అత్త మామగారు, మేం పూడూరు పెద్దాయన అనేవాళ్లం, ఒక గొర్రె వెనక కూర్చుని ఉన్నాడు. గొర్రె ఈనుతోంది, పిల్ల అడ్డం తిరిగింది. పెద్దాయన చెయ్యి మోచేతి దాకా గొర్రె కడుపులో ఉంది. తలెత్తి చూసి, "ఏం పని మీద వచ్చినవ్?" అన్నాడు.

నాయన నిలబడ్డచోటే బిగుసుకుపోయాడట.

"నీళ్లియ్యక ముందే పని అడుగుతున్నవా మామా?"

"గొర్రె ఈనుతుందయ్యా, కానొస్తలేదా? చెయ్యి దీసి నీకు నీళ్లియ్యాల్నా?"

"గొర్రెకున్న ఇజ్జత్ నాకు లేదన్నట్టు!"

"గొర్రె చెప్పి రాదు. నువ్వు చెప్పి రావొచ్చు గదా?"

అంతే. నీళ్లివ్వని ఇంట్లో తన చెల్లెలు ఉండదని నాయన ప్రకటించాడు. అన్న కోసం నీళ్లు తేవడానికే లోపలికి పరుగెత్తిన అత్త చెంబుతో బయటికి వచ్చేసరికి ఆమె చెయ్యి పట్టి గుంజుకుంటూ వికారాబాదు దారి పట్టాడు. అత్త చెంబు అక్కడే పారేసింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అత్త భర్త ఆరోజు మందతో అడవిలో ఉన్నాడు. సాయంత్రం ఇంటికొస్తే భార్య లేదు, గొర్రెపిల్ల ఉంది. ఆయన్నూ ఎవరూ ఏమీ అడగలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. అత్త మా ఇంట్లో రొట్టెలు కొట్టేది, ఉన్ని వడికేది, నోరు విప్పేది కాదు. మొగుడి దగ్గరికి పోతానని ఆడది తన నోటితో అనడం కూడా అమర్యాదే కదా. కానీ తాండూరు అంగడి రోజు వచ్చిందంటే అందరికంటే ముందు తల దువ్వుకునేది. ఎందుకంటే మామ, అదే అత్త భర్త, గొంగళ్లు అమ్మే నెపంతో అంత దూరం నుంచి ఆ అంగడికి వచ్చేవాడు. ఆయన గాజుల దుకాణం ముందు నిలబడేవాడు. అత్త ఎదురుగా కూరగాయల దగ్గర ఒకే వంకాయను గంటసేపు తిప్పి తిప్పి చూసేది. ఆ వంకాయకే సిగ్గేసి ఎర్రబడేది. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకునేవారు కాదు. పెద్దలు తెంచిన మాటను పిల్లలు కలపకూడదు.

ఒకసారి మామ నన్ను సైగ చేసి పిలిచి, పుట్నాల పొట్లం ఇచ్చాడు. అలవాటుగా ఎడమచెయ్యి చాపి, వెంటనే దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"ఏ చెయ్యైతేంది బిడ్డా, పట్టుకపోయి మీ అత్తకియ్యి."

అత్త ఆ పుట్నాలు ఊరు చేరేదాకా ఒక్కొక్కటే నమిలింది. "ఏమన్న అన్నడా?" అని నాలుగు సార్లు అడిగింది.

చివరికి రెండు వైపుల పెద్దమనుషులు కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. పూడూరు వాళ్లు మా ఇంటికి వస్తారు. మా నీళ్లు తాగి, మా అన్నం తిని, కోడలిని తీసుకుపోతారు. గొర్రె ప్రస్తావన ఎవరూ తేకూడదు. ఇది చెడిందా, ఇక రాకపోకలు లేవు. మామకు వేరే పిల్లను చూస్తామని పెద్దాయన ఖరాఖండీగా కబురు పంపాడు. పిల్లను అప్పటికే పరిగి దగ్గర చూసిపెట్టారని కూడా వినికిడి. ఆ మాట విన్న రోజు అత్త చేతిలో రొట్టె నల్లగా మాడి బొగ్గయింది. పెనం మీదనుంచి తీయాలని ఆమెకు తోచలేదు.

మా నాయనమ్మ లెక్క వేరు. వాళ్లకు నీళ్లివ్వడం ఎలాగో చూపించి, ఆ మర్యాదతోనే వాళ్ల పరువు తీసి పాతిపెట్టాలని ఆమె పంతం. కత్తి తీసుకుని యుద్ధానికి పోయేవాళ్లను చూశాను కానీ, చెంబు తీసుకుని పోయే మనిషి ఆమె ఒక్కతే. ఆ చెంబు నా చేతిలో ఉండాలి.

"నీ ఎడమచెయ్యి గిట్ల ముందలికొచ్చిందో, నరికి పొయ్యిల పెడ్త" అని నా చదువు మొదలుపెట్టింది.

గొర్రెలను కట్టే తాడుతో నా ఎడమచేతిని నడుముకు వెనక కట్టేసింది. ఇత్తడి చెంబును అంచు దాకా నింపి కుడిచేతిలో పెట్టింది. వంటింటి గడప నుంచి వాకిట్లో గొంగడి దాకా ఇరవై అడుగులు. గొంగడి మీద తానే పూడూరు పెద్దాయనలా కాళ్లు బార చాపి కూర్చుని, లేని మీసం మెలేస్తూ గొంతు బొంగురు చేసి "తే" అనేది. చుక్క ఒలికితే చింత బరికెతో ఒక దెబ్బ. మోకాళ్ల కింద, పిక్కల మీద. మొదటి రోజు ఒలికిన చుక్కలతో మా వాకిట్లో వరి పండేది. రెండో రోజుకు నా పిక్కలు చారల గొంగడిలా తయారయ్యాయి. మా అమ్మ ఒకసారి "చాలు తియ్యత్తా, పోరి సచ్చిపోతది" అంది. బరికె ఆమె భుజం మీద కూడా ఒకసారి వాలింది. నాలుగో రోజుకు ఒక్క చుక్క కూడా ఒలకకుండా నడిచాను. నాయనమ్మ మీసం మెలేయడం మరిచిపోయి నోరు తెరిచింది.

"ఇంగొక్కసారి" అంది.

ఆ ఇంకొక్కసారితోనే అయింది. తెల్లవారితే చుట్టాలొస్తారని అమ్మ వాకిట్లో బండలు కడిగింది. తాండూరు బండ తడిస్తే ఎలా ఉంటుందో ఆ బండల మీద పుట్టినవాళ్లకు తెలుసు, పాము కూడా పట్టు దొరక్క జారుతుంది. నా కాలు జారింది. మామూలు మనిషి పడేటప్పుడు రెండు చేతులూ ముందుకు పోతాయి. నా ఒక చెయ్యి నడుముకు కట్టేసి ఉంది. ఒంటి బరువంతా కుడి మణికట్టు మీద పడింది. ఎండుకట్టె విరిచినట్టు ఒక చప్పుడు నాకు లోపలినుంచి వినిపించింది.

నాయనమ్మ పరుగెత్తుకొచ్చి చెంబును లేవనెత్తింది. "సొట్ట వడ్డదే దొంగముండా!" అని నాలుగు బాదింది. కట్లు విప్పి లోపలికి పంపింది. కిందపడ్డందుకే ఇంత పడితే, చెయ్యి పోయిందని చెబితే ఎంత పడుతుందోనని నేను నోరు మెదపలేదు.

మాపటికి నేను రొట్టె తుంచుకోలేకపోవడం అత్త చూసింది. నన్ను గొర్రెల దొడ్డి వెనక్కి తీసుకుపోయి జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. మణికట్టు మీదికి ఒక పెద్ద నల్ల వంకాయ వచ్చి కూర్చున్నట్టుంది. గాజులు చర్మంలోకి దిగిపోయాయి. అత్త వాటిని రాయితో చితక్కొట్టి తీస్తుంటే నేను గొంగడి అంచు కొరుక్కుంటూ ఏడ్చాను. పసుపు పూసి, ఆముదపాకు వెచ్చచేసి కట్టింది.

"అవ్వకు చెప్త" అని లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. తిరిగొచ్చి నా ముందు కూలబడింది.

"చెప్తే రేపటి పని ఆగుతది. ఆగితే వాళ్లు మల్ల రారు. బిడ్డా, ఒక్క చెంబు. ఒక్కటంటే ఒక్కటి. పట్టుకుంటవా?"

"లేస్తలేదత్తా చెయ్యి."

"ఎడమచెయ్యి అడుగున పెట్టు, బరువంత అది మోస్తది. కుడిచెయ్యి ఊకె పైన ఆనిచ్చి ఉంచు. రెండు చేతుల్తోని ఇచ్చినట్టే కానొస్తది. ఇంకింత మర్యాద."

ఆమె కళ్లలోకి చూశాను. ఆ చూపుకు చెంబు కాదు, తాండూరు చెరువు మోసుకురమ్మన్నా సరేననేదాన్ని.

మర్నాడు పొద్దెక్కాక వాళ్లు వచ్చారు. పెద్దాయన, మామ, వాళ్ల పాలోళ్లు, అంటే దాయాదులు, ముగ్గురు. పెద్దాయన మీసం ఎంత వెడల్పంటే మా గేటులోంచి పక్కకు తిరిగి రావాల్సి వచ్చింది. గొంగళ్లు పరిచాం, కాళ్లకు నీళ్లిచ్చాం. పొయ్యి మీద పొట్టేలు కూర కుతకుతలాడుతోంది. అత్త తలుపు చాటున నిలబడింది. ఆమె గాజుల చప్పుడు నాకు వినిపిస్తోంది. మామ తల దించుకుని తలుపు వైపే చూస్తున్నాడు. తల దించుకుని చూడటం ఎలాగో ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

ఇరవై అడుగులు నడిచాను. ఎడమచెయ్యి అడుగున, కుడిచెయ్యి పైన. చుక్క ఒలకలేదు. నాయనమ్మ గోడవారన నిలబడి గర్వంతో దూలం అంత ఎత్తు పెరిగింది. వంగి చెంబు చాపాను. పెద్దాయన చెంబు అందుకోబోయి, తన మొరటు చేత్తో చెంబుతోపాటు నా కుడి మణికట్టు కూడా గట్టిగా పట్టుకున్నాడు.

ఒళ్లంతా నిప్పంటుకుంది. కెవ్వుమని కుడిచెయ్యి వెనక్కి లాక్కున్నాను. చెంబు మాత్రం పడలేదు. పడనిస్తే అత్త కాపురం పోతుందని తెలుసు కాబట్టి ఎడమచెయ్యి దాన్ని ప్రాణంగా పట్టుకుంది. అలా ఒక్క ఎడమచేత్తో, చాపిన చెంబుతో, పెద్దాయన మీసం కింద నిలబడిపోయాను.

పొయ్యి మీద కూర కూడా ఉడకడం ఆపింది.

పెద్దాయన ఒక్క దెబ్బతో చెంబును ఎగరగొట్టాడు. అది నా పెదవి చీల్చుకుంటూ పోయి గోడకు తగిలింది. "గొర్రె కడుపుల చెయ్యుండంగ అడిగిన మాటకు ఎనిమిది నెలలు నా కోడల్ని దాసుకున్నరు! ఇయ్యాల ముడ్డి కడిగే చేత్తోని నీళ్లిస్తరా?"

"గొర్రె మాట తియ్యొద్దన్నం గదా!" అని నాయన అరిచి, పెద్దాయన ఛాతీ మీద గుద్దాడు.

తర్వాత జరిగింది యుద్ధమే. పాలోళ్లు ముగ్గురూ లేచారు. మా పక్కింటివాళ్లు గోడ దూకారు. నాయనమ్మ కవ్వం అందుకుని ఒకడి నోటి మీద కొడితే రెండు పళ్లు ఎగిరి కూర గిన్నెలో పడ్డాయి. (ముప్పై రెండూ పడ్డాయని మొన్నటిదాకా చెప్పేదాన్ని, ఆ మనిషి మనవడు అడ్డుపడ్డాడు.) అమ్మ కూర గరిటెతో ఒకడి వీపు కాల్చింది. ఒకడు మా అమ్మ జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. గొంగళ్లు గాలిలో గబ్బిలాల్లా ఎగిరాయి. గొర్రెలు దొడ్డి తడిక తోసుకుని వాకిట్లోకొచ్చి ఎవరి పక్షమో తెలియక అందరినీ కుమ్మాయి.

ఇంతదాకా నవ్వుతూ చెప్పగలను. ఆ తర్వాతిది అలా చెప్పలేను. పాలోళ్లలో ఒకడు కర్రతో నాయన తల మీద మోదాడు. తల పగిలింది. రక్తం కళ్లలోకి కారింది. నాయన ఒక చేత్తో కళ్లు తుడుచుకుని, రెండో చేత్తో దొడ్డి పక్కన మేకలకు కొమ్మలు నరికే గొడ్డలి అందుకున్నాడు. ఎవరి మీదికి పోతున్నాడో ఆయనకే కనిపించడం లేదు. ఎదురుగా ఉన్నది పెద్దాయన. తండ్రి మీదికి గొడ్డలి రావడం చూసి అప్పటిదాకా ఎవరి మీదా చెయ్యి చేసుకోని మామ తన కర్రను రెండు చేతులా పైకెత్తాడు. ఆ కర్ర దిగితే నాయన తల ఉండదు. గొడ్డలి దిగితే పెద్దాయన ఉండడు.

అప్పుడు అత్త తలుపు చాటునుంచి బయటికొచ్చి మామను పేరు పెట్టి పిలిచింది.

చిన్నగా కాదు. కొండ మీదినుంచి తప్పిపోయిన గొర్రెను పిలిచినట్టు, గొంతు చించుకుని, మామగారి ముందు, అన్న ముందు, ఊరంతా వింటుండగా పిలిచింది. మా వైపు ఆడది మొగుడి పేరు నిద్రలో కూడా పలకదు. ఆ పేరున్న పండునైనా వేరే పేరుతో అడుగుతుంది. ఆ పేరు వాకిట్లో పిడుగులా పడింది. మామ కర్ర గాలిలోనే ఆగిపోయింది. నాయన గొడ్డలి పట్టుకుని దిక్కులు చూశాడు. నాపరాళ్ల గనుల్లో సుత్తెలు కూడా ఆగిపోయాయని చెబితే మీరు నమ్మాలి.

ముందుగా తేరుకున్నది పెద్దాయన. "ఏందక్కా గిది? మొగని పేరు పట్టి పిలిచిందా?" అని మా నాయనమ్మను అడిగాడు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ.

"పిలిచింది తమ్మీ. నా కడుపున చెడబుట్టింది" అంది మా నాయనమ్మ. ఇంతకుముందే ఆయన పాలోడి పళ్లు రాలగొట్టిన కవ్వం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఎడమచేతి నీళ్లన్న తాగొచ్చు గని, గిదెక్కడి కథ!"

"ఆగు, దీని నోరు ఇరగ్గొడ్త" అని నాయనమ్మ కవ్వం పారేసి చీపురందుకుంది. ఎనిమిది నెలల పగ ఒక్క పేరుతో చల్లారి, ఇద్దరూ ఒకే పక్షమయ్యారు. చీపురు గాలిలో లేచింది. మామ కర్ర కింద పడేసి అత్తకు అడ్డంగా నిలబడ్డాడు. చీపురు ఆయన చెంప మీద పడింది, పుల్లలు గీసుకుని రక్తం వచ్చింది. మళ్లీ పడింది. ఆయన కదల్లేదు.

"అత్తా, పిలిచింది నన్ను. నాకు లేని బాధ మీకేంది?"

అని, వెనక్కి తిరిగి అత్తతో, "పోదామా?" అన్నాడు.

అత్త ఆయన్ని నిలువునా చూసింది. "ఎనిమిది నెల్ల సంది గా ఒక్క మాట అడుగుతవనే చూస్తున్న."

లోపలికి పోయి మూట తెచ్చుకుంది. అది ఎప్పుడో కట్టి పెట్టుకున్న మూట. అన్న దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆయన తల మీది గాయాన్ని కొంగుతో అదిమి, ఆ కొంగు ముక్క చింపి కట్టింది. నాయన గొడ్డలిని గోడకు ఆనించాడు. నా దగ్గర వంగి నా చీలిన పెదవిని వేలితో తుడిచింది. మామగారికి దండం పెట్టలేదు, తల్లికి పోయొస్తానని చెప్పలేదు. ఇద్దరూ గేటు దాటారు.

మిగిలినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. పెద్దాయన నాయన పక్కన కూర్చుని కట్టు కింద పసుపు కుక్కుతూ, ఆగకుండా తిడుతూనే ఉన్నాడు. ఎవరిని తిడుతున్నాడో ఆయనకే తెలియదు. పళ్లు పోయినాయన కూర గిన్నెలో వెతుక్కుంటున్నాడు.

నాయనమ్మ ఇప్పుడు నా వైపు తిరిగింది. "అంత నీతోనే అయింది, ఇటు రాయే" అని నా కుడి మణికట్టు పట్టుకుంది. నేను పెట్టిన కేకకు ఆమె చెయ్యి దానంతట అదే వదిలేసింది. జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. ఆముదపాకు తీసింది. చాలాసేపు చూసింది. ఎప్పుడు, ఎట్లా అని అడగలేదు. నన్ను గోడ పక్కకు తీసుకుపోయి, ఆ చేతిని తన ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ మొరటు చెయ్యి అంత తేలిగ్గా ఉండగలదని అంతవరకు నాకు తెలియదు. ఆ మణికట్టు తర్వాత వంకరగానే అతుక్కుంది, మబ్బు పట్టకముందే వాన సంగతి నాకు చెబుతుంది.

గోడ మీదినుంచి తాండూరు బాట కనిపిస్తుంది. నాయనమ్మకు అంత దూరం చూపు ఆనేది కాదు.

"కానొస్తున్నరా?" అని అడిగింది.

"ఆఁ, కానొస్తున్నరు. కంది చేను దాటుతున్నరు."

తర్వాత, మెల్లగా, "ఎవలు ముందుగాల నడుస్తున్నరే? పిల్లగాడేనా?"

భార్య భర్త వెనక నడవాలి, అది కూడా ఆమె చట్టమే. అత్త మూట నెత్తిన పెట్టుకుని, చేతులూపుకుంటూ, బాటంతా తనదే అన్నట్టు పోతోంది. మామ చెంప పట్టుకుని, ఒక చెప్పు చేతిలో పట్టుకుని, ఇరవై గజాలు వెనక పరుగెత్తుతున్నాడు.

"ఆయననే ముందు. అత్త ఎనక తల దించుకోని పోతుంది" అన్నాను.

"ఊఁ" అంది నాయనమ్మ. కొంగుతో మొహమంతా ఒకసారి గట్టిగా తుడుచుకుని, "ఎముకలు కట్టెటాయనను పిలుచుకరాపో" అని మా అమ్మను కేకేసింది.